ఆడపిల్లకు అభ్యంతరం లేదట!

దినపత్రికల జిల్లా పేజీల్లో, కంటికి ఆనని అక్షరాలతో, రోజూ ఒక రచన అచ్చవుతుంటుంది. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నెంబరులోని ఇన్ని ఎకరాల ఇన్ని గుంటల భూమిని మా క్లయింటు కొనదలచుకున్నారు, ఎవరికైనా అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా తెలపండి, లేదంటే అభ్యంతరాలు లేనట్టే భావిస్తాం అని దాని సారాంశం. కింద ఒక న్యాయవాది పేరు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఏ రచన చూసినా ఇది ఎవరిని ఉద్దేశించి రాశారు అని వెతకడం నాకు అలవాటు. ఈ ప్రకటన ఎవరి కోసం? కొడుకులు అమ్మేవాళ్ల జాబితాలో ముందే ఉన్నారు. చుట్టుపక్కల రైతులకు బేరం సంగతి ఎప్పుడో తెలుసు. ఇక మిగిలింది కూతుళ్లు, మేనత్తలు. పెళ్లయి ఇంకో జిల్లాకు వెళ్లిపోయిన ఆడవాళ్లు. తమాషా ఏమిటంటే ఆ జిల్లా పేజీ వాళ్లుండే జిల్లాకు పోదు.

హైదరాబాదు పడమటి అంచున తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్ వైపు వెళ్లినవాళ్లకు నేను చెప్పే ఊరు తెలుసు. ఒకప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పట్నం అటు జరగడం మొదలుపెట్టింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఆ పొలాల మధ్య నుంచి వెళ్లింది. 2018లో తెల్లాపూర్ మునిసిపాలిటీ అయింది. అక్కడికి పెద్ద దూరం లేని కోకాపేటలో 2023 ఆగస్టులో ప్రభుత్వం వేసిన వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఇప్పుడక్కడ ముప్పై, నలభై అంతస్తుల ఇళ్లు. బ్రోషర్ల మీద పచ్చిక మీద పరిగెత్తే పాప, ఆ పాపను చూసి నవ్వే తల్లి. ఊరు పెరిగింది అంటున్నారు. పెరిగిందని ఒప్పుకుంటాను. పల్లె పోయిందని కన్నీళ్లు పెట్టుకునే కవిత్వంలో నేను చేరను. ఆ పల్లెలో బావి దగ్గర ఎవరిని ఎక్కడ నిలబెట్టేవారో మనకు తెలుసు. నా తగాదా పెరగడంతో కాదు, ఏ కాగితం మీద పెరిగిందీ అన్నదానితో.

ఆ కాగితాన్ని రియల్ ఎస్టేట్ భాషలో 'క్లియర్ టైటిల్' అంటారు. ఇల్లు కొనబోయే ప్రతి కుటుంబమూ మొదట అడిగే మాట అదే. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లీగల్ ఒపీనియన్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అన్నీ చూసి బ్యాంకు లాయరు తల ఊపితే అప్పు వస్తుంది. ఈ క్లియర్ చెయ్యడం అనే పనిలో అసలు శ్రమ ఎవరిది? కుటుంబ వృక్షం గీసి, అందులో ఆడపిల్లల పేర్ల దగ్గర టిక్కులు పెట్టి, ఒక్కొక్కరి ఇంటికీ కారు పంపి సంతకాలు తెప్పించడమే అసలు పని. దీనికి ఓ ప్రత్యేక వృత్తే పుట్టింది. 'ఆడోళ్ల సంతకాలు అయినయా?' అని మధ్యవర్తులు ఫోన్లో అడుగుతుంటే విన్నాను, ఇసుక లోడు దిగిందా అని అడిగినంత మామూలుగా. సంతకం పెట్టిన అక్క ఉన్న భూమి 'క్లియర్'. నా వాటా నాకివ్వండి అన్న అక్క ఉన్న భూమి 'లిటిగేషన్'. హక్కును వదులుకోవడానికేమో శుభ్రత అని పేరు, హక్కు అడగడానికేమో తగాదా అని పేరు. పితృస్వామ్యం నిఘంటువు రాసుకుంటే ఈ రెండు మాటలూ మొదటి పేజీలోనే ఉంటాయి.

ఇందులో ఉన్న అసలు వైచిత్రి చట్టం దగ్గర ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం అది మినహాయించింది. 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ పెళ్లి మెలిక లేదు. సవరణ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని కూడా 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చింది. చదవడానికి ఎంత బాగుంది! కానీ 1986 తర్వాత చాలా ఏళ్లు ఊళ్లలో ఈ చట్టాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పొలాలకు ధరే లేనప్పుడు అన్నదమ్ములు నోటిమాటతో గట్లు వేసుకున్నారు. అక్కచెల్లెళ్ల పేరు ఎక్కడా ఎత్తలేదు. ధర వచ్చింది. కొనేవాడి లాయరు వచ్చాడు. అతనే మొట్టమొదట చట్టం చదివాడు, 'మీ చెల్లెళ్లకు హక్కుంది, వాళ్ల సంతకాలు కావాలి' అన్నాడు. అంటే మన ఊళ్లలో స్త్రీల ఆస్తి హక్కును మొదటిసారి గుర్తించింది మార్కెట్టు. అదీ, ఆ హక్కును రద్దు చెయ్యడానికి పట్టే పది నిమిషాల పాటు.

సంతకానికి ఏమిస్తారు? కొన్ని ఇళ్లలో నిజంగా సమానంగా పంచారు, అలాంటివాళ్లు నాకు తెలుసు. ఎక్కువ ఇళ్లలో ఇచ్చేది 'పసుపు కుంకుమల కింద'. ఎకరాలు కోట్లు పలికిన చోట కొన్ని లక్షలు, రెండు తులాల బంగారం, ఒక పట్టుచీర. అదీ ఆనవాయితీగా, దయగా. తెల్లాపూర్ పక్క ఊళ్లో పుట్టి పటాన్‌చెరు అవతల కాపురం చేస్తున్న ఒక పెద్దమ్మను అడిగాను, ఎందుకు పెట్టావమ్మా అని. ఆమె నన్నే ఎదురడిగింది: 'పెట్టకుంటే నాకు ఒడిబియ్యం ఎవలు పోస్తరు బిడ్డా? బతుకమ్మ పండుగకు నేను ఏ గడప తొక్కాలె?' నేను జవాబు చెప్పలేకపోయాను. మెట్టినింట్లో దెబ్బ తింటే తిరిగి రావడానికి ఆమెకున్న ఒకే చోటు పుట్టిల్లు. ఆ చోటును తాకట్టు పెట్టి సంతకం అడుగుతున్నారు. దీన్ని ఇష్టపూర్వకం అనేవాళ్లకు ఇష్టం అనే మాటకు అర్థం చెప్పమని అడుగుదాం.

మా అమ్మ పెళ్లి 1984లో అయింది. 1986 సవరణ ఆమెను ఒక్క ఏడాది తేడాతో వదిలేసింది, 2005 సవరణ కలుపుకుంది. 2011లో మా మేనమామలు కారులో వచ్చారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫోటో తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు. పక్కన నేనున్నాను. పత్రాన్ని ఎవరూ చదివి వినిపించలేదు, నేనే నిలబడి చదివాను. 'అన్నదమ్ముల మీద గల ప్రేమాభిమానాల చేత' అని ఉంది అందులో. తెలుగు కథల్లో ప్రేమ గురించి ఏళ్ల తరబడి పరిశోధన చేశాను గానీ ఇంత ఖరీదైన ప్రయోగం నాకెక్కడా తగల్లేదు. అన్నదమ్ములకు చెల్లెలి మీద గల ప్రేమాభిమానాల చేత ఇంత భూమి రాసిచ్చితిమి అనే పత్రం ఎన్ని ఈసీల్లో కనిపిస్తుంది? ప్రేమ ఎప్పుడూ ఒకే దిక్కుకు పారుతుందెందుకు?

'కట్నం ఇచ్చాం కదా' అంటారు. 1961 నుంచీ కట్నం నేరం. ఒక నేరాన్ని చెల్లింపు రశీదుగా చూపించి వాటా ఎగ్గొడుతున్నారన్నమాట. పైగా ఆ కట్నం ఆమె చేతికి ఎప్పుడొచ్చింది? అది ఆమె మామగారి ఇంటి పైకప్పుకో, ఆడబిడ్డ పెళ్లికో పోయింది. 'కోడలిగా ఆమెకు ఇక్కడ లాభమే కదా' అనే వాదన ఇంకోటి. నిజమే, ఆడబిడ్డ సంతకం వల్ల మొగుడికి వచ్చిన డబ్బుతో కోడలు కొత్త ఇంట్లోకి వస్తుంది. కానీ ఆ ఇల్లు ఎవరి పేర ఉంది? కూతురిగా పోగొట్టుకున్న హక్కు కోడలిగా ఎక్కడా తిరిగి రాదు, మహా అయితే వసతి వస్తుంది. ఆడవాళ్లను ఆడవాళ్ల మీదికి ఉసిగొల్పే ఈ పాత ఎత్తు ఇక చాలు.

ఇక సంతకం అడిగే గౌరవం కూడా దక్కని స్త్రీలున్నారు. దళితులకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు 1977 చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేదు. కానీ ప్రభుత్వం తనకు 'ప్రజా ప్రయోజనం' ఉందంటే వెనక్కి తీసుకోవచ్చు. పట్టాదారుకు ఇచ్చినట్టే అసైనీకీ పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది. ఆ కేసు మన చేవెళ్ల డివిజన్ నుంచి వెళ్లిందే. ఆ భూమిలో కలుపు తీసిన చేతులే ఇప్పుడు అపార్టుమెంట్లలో అంట్లు తోముతున్నాయి. గేటు దగ్గర వాళ్ల సంచులు తెరిచి చూస్తారు. ఆస్తి గల కులాల ఆడపిల్లల వాటా గురించి మాట్లాడుతూ ఈమెను మరిచిపోతే మన స్త్రీవాదం కూడా ఒక గేటెడ్ కమ్యూనిటీయే అవుతుంది.

ప్రభుత్వానికి స్త్రీల పేర ఇల్లు రాయడం తెలియదని కాదు. కొల్లూరులోనే 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లను ప్రారంభించారు. ఇంటి ఇల్లాలి పేరునే మంజూరు చెయ్యాలన్నది ఆ పథకం నియమం. మంచిదే. అయితే దానం ఇచ్చేటప్పుడు ఆడవాళ్ల పేరు గుర్తొస్తుంది, వారసత్వం దగ్గర గుర్తు రాదు. పేద స్త్రీకి పథకం, రైతు కుటుంబపు స్త్రీకి పసుపు కుంకుమ. రెండు చోట్లా ఆమె పుచ్చుకునే మనిషే గాని హక్కుదారు కాదు.

మన సాహిత్యం సంగతీ మాట్లాడాలి. మనం వంటిల్లు గురించి రాశాం. విమల కవిత, సత్యవతి గారి 'ఇల్లలకగానే' లేకుండా నా తరం ఆడపిల్లలకు చదువు పూర్తి కాలేదు. ఇంట్లో పేరు మరిచిపోయిన స్త్రీని గుర్తుపట్టాం. ఇంటి కింది భూమి పత్రంలో పేరు కొట్టేయించుకున్న స్త్రీని అంతగా రాయలేదు. వర్జీనియా వూల్ఫ్ 1929 పుస్తకం నుంచి 'సొంత గది' అనే మాట తెచ్చుకుని ఎన్ని సభలు పెట్టుకున్నామో! ఆ గదితో పాటు ఆమె అడిగిన ఏడాదికి ఐదు వందల పౌండ్ల సంగతి తక్కువగా తలుచుకున్నాం. పుస్తకంలో కథ చెప్పే మనిషికి ఆ డబ్బు ఎక్కడిది? మేనత్త రాసిచ్చిన వారసత్వం. ఓటు హక్కు కంటే ఆ డబ్బే తనకు ముఖ్యమనిపించిందని ఆమె మొహమాటం లేకుండా చెప్పుకుంటుంది. 1994లో బీనా అగర్వాల్ 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్' అని పుస్తకానికి పేరు పెట్టి గది నుంచి మనల్ని చేలోకి నడిపించింది. మనం గదిలోనే ఉండిపోయాం. మగ కవులేమో నేలను తల్లీ అని పిలిచి ఏడ్చారు. ఆ తల్లికి కూతుళ్లు కూడా ఉన్నారన్న సంగతి వాళ్ల శోకగీతాల్లో దొరకదు.

ఫ్లాట్లు కొంటున్న స్నేహితురాళ్లు నాకు చాలామంది ఉన్నారు. ఉద్యోగాలు చేసి, ఇరవై ఏళ్ల ఈఎంఐకి సిద్ధపడి కొంటున్నారు. వాళ్లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, స్త్రీ పేర ఇల్లు ఉండటం ఇంకా అరుదైన సంగతే. కానీ వాళ్లకు చట్టం ఇచ్చిన రక్షణ చూడండి. 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం, భూమి టైటిల్‌లో లోపం వల్ల నష్టపోయిన కొనుగోలుదారు ఎన్నేళ్ల తర్వాతైనా పరిహారం అడగవచ్చు. కాలపరిమితి అడ్డు రాదని చట్టంలోనే రాశారు. అదే, మోసపోయి సంతకం పెట్టిన కూతురు ఆ పత్రాన్ని రద్దు చెయ్యమని అడగాలంటే మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. ఒకే భూమి, ఒకే పత్రం. కొన్నామెకు గడువు లేదు, పుట్టినామెకు మూడేళ్లు.

రెరాలో ప్రాజెక్టు నమోదు చేసే బిల్డరు తన టైటిల్ గురించి అఫిడవిట్ ఇవ్వాలి. ఆ అఫిడవిట్‌కు ఒక్క పేజీ కలపమని అడుగుదాం. ఈ భూమిలో హక్కు ఉన్న ఆడవాళ్లు ఎంతమంది, వాళ్లలో విడుదల పత్రం రాసిచ్చినవాళ్లు ఎంతమంది, ఒక్కొక్కరికి ముట్టింది ఎంత, అదే భూమిలో అన్నదమ్ములకు ముట్టింది ఎంత. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. రిజిస్ట్రేషన్ రోజున మగవాళ్లందరినీ బయటికి పంపి, పత్రాన్ని ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర తీసుకోవాలి. డబ్బు ఆమె ఖాతాలో పడిందని బ్యాంకు కాగితం జతపరచాలి. ఇవేవీ విప్లవాలు కావు, ఫారాల్లో గళ్లు. ఆ గళ్లు పెడితే అమ్మకాలు ఆగిపోతాయి, ఊరి అభివృద్ధి ఆగిపోతుంది అని మొదట అరిచేది ఎవరో చూడాలని ఉంది నాకు.