ఉచితమంటే ట్యాంక్‌బండేనా?

పైసా ఖర్చు లేకుండా పిల్లల్ని తిప్పాలంటే ట్యాంక్‌బండే దిక్కన్నట్టు పోయిన వారం మీ పత్రికలో వ్యాసం రాశారు. మేడిపల్లి నుంచి చంటిపిల్లలతో అక్కడికి వెళ్లొచ్చేసరికి పూటంతా పోతుంది.

మాకు ఉప్పల్ స్కైవాక్ ఉంది. 2023 జూన్‌లో తెరిచారు. టికెట్టు లేదు, ఎక్కడానికి లిఫ్టులున్నాయి. మా నాలుగేళ్లవాడు కమ్మీలకు బుగ్గ ఆనించి, నాగోలు వైపు వెళ్లే మెట్రోలను వేళ్లమీద లెక్కపెడతాడు. వాడి వేళ్లు అయిపోతే నా చెయ్యి లాక్కుంటాడు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సులో ఛార్జీ లేదు కాబట్టి ప్రయాణానికీ ఖర్చు లేదు.

కష్టమల్లా బస్సెక్కే ముందే. ఫ్లైఓవర్ స్తంభాల మధ్య వరంగల్ రోడ్డు దాటేటప్పుడు వాడి మణికట్టు ఎర్రబడేలా పట్టుకుంటాను. ఎక్కడికి వెళ్లాలో రాసేటప్పుడు, పసివాళ్లతో రోడ్డు దాటే దారి కావాలని కూడా గట్టిగా రాయండి.

– ఒక తల్లి, మేడిపల్లి