అట్టలో అణగిన చరిత్ర

పుస్తకానికి అట్ట వొట్టి ఆచ్ఛాదనేనని మన పండితుల నమ్మకం. ఆ అట్ట దేనితో తయారయిందని వారు ఎన్నడూ అడగరు. పాడయిన అచ్చుఫారాలు, చెల్లిపోయిన లెక్కలు, ఎవరికీ అక్కరలేని వుత్తరాలు పొరలు పొరలుగా అంటించి గట్టి అట్టలు చేయడం అనేక దేశాల బైండర్లు చేసిన పనే.

యీజిప్టులోని నాగ్ హమ్మాదిలో 1945లో దొరికిన మతగ్రంథాలనే చూడండి. తోలు అట్టలు బిగువుగా వుండడానికి లోపల కుక్కిన చిత్తుకాగితాలలో లెక్కలు, వొప్పందాలు, వుత్తరాలు బయటపడ్డాయి. వొక గ్రంథం అట్టలోని కాగితాలపై క్రీ.శ. 341, 346, 348 తేదీలున్నాయి. అంటే ఆ అట్ట కట్టింది 348కి ముందు కాదు. గ్రంథం దాచిన కాలాన్ని చిత్తుకాగితం చెప్పింది!

శ్రీహరికోటకు దగ్గరి వూరిలో అట్ట వూడిన వొక పాత పురాణప్రతిని చూశాను. అట్టలో కట్టెల లెక్క చింపు వొకటి అంటుకొని వుంది. ఎన్ని పడవలో వుంది, ఎంత రొక్కమో వుంది. కట్టె కొట్టినవాడి పేరు మాత్రం లేదు. అది ఏ అడవి కట్టెయో కూడా చింపు చెప్పదు. కాని శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు పొయ్యిలకు చేరిన మాట నిజం. ఆ అడవిని నమ్ముకొని బతికినవారు యానాదులు. 1909 నాటి థర్‌స్టన్ సంపుటాలలో వారి గురించి పుటలకొద్దీ వున్నది; అదంతా చూసినవాడి మాట, బతికినవాడి మాట కాదు. 1971 అక్టోబరు 9న ఆ దీవి నుంచి మొదటి రాకెట్టు లేచింది. రాకెట్టు తేదీ మనకు కంఠతా వచ్చు. అక్కడినుంచి తరలిపోయిన యానాది కుటుంబాల లెక్క ఎందరికి తెలుసు?

"చిత్తుకాగితం సాహిత్యమా?" అంటారు. కాదు. కాని సాహిత్యం ఎవరి కష్టంపై నిలిచిందో చెప్పే సాక్ష్యం. "అయితే పుస్తకాలన్నీ చింపమంటారా?" అదీ కాదు. పాత పుస్తకానికి కొత్త అట్ట కట్టించేటప్పుడు పాతదాన్ని చెత్తబుట్టలో వేయకండి. ఏ పుస్తకానిదో రాసి భద్రపరచండి అంటున్నాను. స్కానింగు పుటలను పట్టుకుంటుంది గాని అట్ట కడుపులోకి చూడలేదు.

యిందులో మన తప్పూ వుంది. ప్రబంధాన్ని భూస్వామ్య సాహిత్యమని తిట్టి పక్కన పెట్టాం. దాని అట్టలో కూలివాడి లెక్క వుందేమోనని మనమూ వెతకలేదు. ప్రజల చరిత్ర కావాలని వుపన్యసించే అధ్యాపకుడు, విద్యార్థి ముందు తమ కళాశాల గ్రంథాలయంలో బైండింగుకు కట్టిన మూటను విప్పి చూడాలి. ఆ మూట రేపు తూకానికి పోతే, తర్వాత మనం రాసే విమర్శ దాన్ని వెనక్కు తేలేదు.