చెరువులో వదిలితే పుణ్యమా?

ఆదివారం బజారు నుంచి నాన్న చేపలు తెచ్చారు. సంచిలో ఒకటి ఇంకా గిలగిలా కొట్టుకుంటోంది. ‘పాపం నాన్నా, చెరువులో వదిలేద్దాం’ అంటారు పిల్లలు. పుణ్యమే కదా అనిపిస్తుంది. ఆగండి! ముందు అదే చేపో చూడండి.

అరచేయంత వెడల్పు, బూడిద రంగు ఒళ్లు, వీపు పొడవునా ముళ్లు... అయితే తిలాపియా కావచ్చు. కొన్నిచోట్ల జిలేబీ అంటారు. నిజం తేలాలంటే ముక్కు చూడాలి. చాలా చేపలకు ముక్కుకి అటు రెండు, ఇటు రెండు రంధ్రాలుంటాయి. తిలాపియా పుట్టిన సిక్లిడ్ కుటుంబానికి అటొకటి, ఇటొకటే. ఒంటి పక్కన ఉండే గీత కూడా మధ్యలో తెగి, కాస్త కిందుగా మళ్లీ మొదలవుతుంది.

కేరళవాళ్లు ఇష్టంగా తినే కరిమీనూ ఈ కుటుంబానిదే. కాకపోతే అది మన దేశపు చేప. తోకకు ముందు, పొట్ట కిందున్న రెక్కలో దానికి 12, 13 ముళ్లుంటాయి. తిలాపియాకు మూడే! ఇక తోక మీద వరసగా నిలువు చారలుంటే నైలు తిలాపియా. లేకపోతే మొజాంబిక్ రకం కావచ్చు. జతకట్టే కాలంలో ఈ రకం మగచేప నల్లబడుతుంది, గొంతు మాత్రం తెల్లగా ఉంటుంది. రెండు రకాలూ కలిసి పుట్టిన సంకరమైతే నిపుణులకూ తికమకే.

ఈ మొజాంబిక్ రకం ఆఫ్రికాది. చవగ్గా పోషకాహారం దొరుకుతుందని 1952లో మనదేశానికి తెచ్చారు. అది ఎదగడం తక్కువ, పిల్లల్ని పెట్టడం ఎక్కువ. దాంతో 1959లో పెంపకాన్ని నిషేధించారు. అప్పటికే చెరువుల్లో చేరిపోయింది. షరతులతో తిలాపియా పెంపకానికి మళ్లీ అనుమతి వచ్చింది 2009లో.

ఎందుకంత త్వరగా పెరుగుతుందంటారా? తల్లి గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. పిల్లలయ్యాకా ప్రమాదమొస్తే మళ్లీ నోట్లో దాచుకుంటుంది. అంటే మీరు వదిలేది ఒక్క చేపనే కాకపోవచ్చు, ఓ సంసారాన్ని! ఆ తర్వాత తిండికీ, చోటుకీ మన చేపలు దానితో పోటీపడాల్సిందే.

విచిత్రమేంటంటే, సొంతగడ్డ మీద ఆ మొజాంబిక్ చేపకే ఇప్పుడు ముప్పు. అక్కడికి తెచ్చి వదిలిన నైలు తిలాపియాతో కలిసిపోయి అసలు జాతి తగ్గిపోతోంది.

అందుకే జిలేబీని పులుసు పెట్టుకోండి, వేపుడు చేసుకోండి. చెరువుకి మాత్రం ఇవ్వకండి. పుణ్యం దక్కేది అలాగే!