కందుల దీవిలో వారం రోజులు

"అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. కారులో ఊళ్లు తిప్పుతామంటున్నారు. మావారికి సుగరు, నాకు మోకాళ్లు. వెళ్తే వాళ్లకి బరువవుతామేమో, వెళ్లకపోతే నొచ్చుకుంటారేమో!" ఈమధ్య ఇలాంటి ఉత్తరాలు నాలుగైదు వచ్చాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసేకన్నా మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

2024 వేసవిలో మేం న్యూజెర్సీలో అమ్మాయి దగ్గర ఉన్నాం. అల్లుడు మమ్మల్ని వర్జీనియా కొండల్లోకి తీసుకెళ్లాడు. మూడు రోజుల్లో ఎనిమిది చోట్లు చూడాలని ప్రోగ్రాం. రెండోరోజు "ఇంకో అరగంటే, అక్కడ తిందాం" అనుకుంటూ అనుకుంటూ మధ్యాహ్నం రెండున్నర చేశాం. మావారు పొద్దున్న ఇన్సులిన్ వేసుకున్న మనిషి. వెనకసీట్లో నా పక్కనే కూచున్నవారికి ఉన్నట్టుండి చొక్కా తడిసేంత చెమట, చేతుల్లో వణుకు, మాట తడబాటు. మనవరాలి సంచీలో పళ్లరసం డబ్బా ఉంది కాబట్టి సరిపోయింది. అది తాగించాక పావుగంటకి తేరుకున్నారు. రోడ్డు పక్కన నిలబడ్డ అల్లుడి మొహం చూడలేకపోయాను. ఎవరూ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఆ రాత్రి మాత్రం మావారు, "ఇకమీదట మీరు వెళ్లిరండి, నేను ఇంట్లో ఉంటాను" అన్నారు. అన్నట్టుగానే ఆ తర్వాత రెండుసార్లు ఇంట్లో ఒక్కరే ఉండిపోయారు. ఆయన్ని వదిలి వెళ్లి నేను చూసిందేమిటో ఇప్పటికీ గుర్తులేదు!

మళ్లీ డిసెంబరులో వెళ్లాం. ఫిబ్రవరిలో వారం సెలవు పెడతానని, ప్యూర్టో రికో వెళ్దామని అల్లుడు మాట కదిపాడు. అది కరీబియన్ సముద్రంలో ఒక దీవి. మన పాత కృష్ణా జిల్లాకన్నా కాస్త పెద్దది, అంతే. 1898 దాకా స్పెయిన్ వాళ్లది, ఆ తర్వాత్నించి అమెరికాది. అందువల్ల మనలా విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకి వేరే వీసా అక్కర్లేదు, విమానం కూడా దేశంలో తిరిగే విమానం లెక్కే. అయినా పాస్‌పోర్టు, ప్రవేశపత్రం కాపీ చేతిసంచీలో ఉండాల్సిందే. డాలరే చెల్లుతుంది. జూన్ నించి నవంబరు దాకా తుఫాన్ల కాలం. 2017 సెప్టెంబరులో మరియా అనే తుఫాను ఆ దీవిని అల్లకల్లోలం చేసింది. కనక ఫిబ్రవరి అంటే మంచి కాలమే.

అల్లుడు వేసిన ప్లాను చూస్తే నాకు గుండె గుభేలుమంది. ఏడు రాత్రులకి ఆరు హోటళ్లు! "దీవి మొత్తం పొడవు వంద మైళ్లేగా అత్తయ్యగారూ, ఒక్కరోజులో చుట్టెయ్యచ్చు" అంటాడు. "బాబూ, దూరం మైళ్లలో కాదు, మీ మావయ్యగారి భోజనాల మధ్య ఎన్ని గంటలో అందులో కొలుద్దాం" అన్నాను. మా అమ్మాయి ఫక్కున నవ్వింది గానీ, కాగితం కలం తెచ్చి నా ముందు పెట్టింది కూడా.

ఇంతకీ నేను చేసింది పెద్ద విద్యేం కాదు. నెల సరుకుల లిస్టు ఎలా రాస్తామో అలాగే. ముందు కదలని వస్తువులు రాశాను: పొద్దున్న ఎనిమిదికి టిఫిను, ఒంటిగంటకి అన్నం, సాయంత్రం నాలుగున్నరకి ఏదో ఒకటి, రాత్రి ఎనిమిదికి భోజనం. కారులో ఒక్కసారికి గంటన్నర మించి కూచోకూడదు. మూడేళ్ల మనవడికి మధ్యాహ్నం నిద్ర. ఇవి పోగా మిగిలిన గంటల్లోనే కోటలూ, బీచిలూ! అలా రాసేసరికి ఆరు హోటళ్లు రెండు మకాములయ్యాయి. శాన్ హువాన్‌లో మూడు రాత్రులు, నైరుతి మూల లా పర్గేరా అనే చేపలవాళ్ల ఊళ్లో మూడు రాత్రులు, విమానం ఎక్కేముందు మళ్లీ శాన్ హువాన్‌లో ఒక రాత్రి. రెండు చోట్లా వంటగది ఉన్న ఇళ్లే తీసుకున్నాం. మధ్యలో ఒకరోజు ఏ పనీ పెట్టకుండా ఖాళీగా వదిలాను. దీనికి మాత్రం అల్లుడు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. దీవి నడుం మీదుగా కొండల్లో మెలికలు తిరిగే రోడ్డొకటి ఉందట, దానిమీద ఒకరోజు నడపాలని అతని సరదా. అది వదులుకున్నందుకు నాకూ మనసులో కొంచెం కష్టంగానే అనిపించింది.

తేదీ కుదిర్చింది ఎవరనుకున్నారు? వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరు! లా పర్గేరా దగ్గర సముద్రపు పాయలో రాత్రిపూట నీళ్లు కదిపితే వెలుగుతాయి. నీటిలో ఉండే కంటికి కనపడని సూక్ష్మజీవులు కదలిక తగిలితే నీలంగా మెరుస్తాయి. వెన్నెలుంటే ఆ మెరుపు సరిగ్గా తెలీదు. తూర్పున ఫహార్దో దగ్గర ఇలాంటిదే ఇంకొకటి ఉంది కానీ, అక్కడ ఎక్కువగా చిన్న పడవలో తెడ్డు మనమే వెయ్యాలి. లా పర్గేరాలో మోటారు పడవ ఉంది. మోకాళ్లవాళ్లకి అదే మేలు. క్యాలెండరు తిప్పితే ఫిబ్రవరి 26 బుధవారం శివరాత్రి, 27 గురువారం అమావాస్య. ఇంకేం, ఆదివారం 23న బయల్దేరేలా టికెట్లు కొన్నాం.

ఇన్ని చేసినా మావారు "చూద్దాంలే" అంటున్నారే కానీ వస్తాననడం లేదు. ఇంతలో డిసెంబరు 31న వార్త. ప్యూర్టో రికోలో దాదాపు దీవి అంతటికీ కరెంటు పోయిందని! "చూశావా, నా ఇన్సులిన్ ఎక్కడ పెడతావ్?" అన్నారు. అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆ ఇళ్లవాళ్లకి ఫోను చేయించి జనరేటరుందా, దానిమీద ఫ్రిజ్ నడుస్తుందా అని విడివిడిగా అడిగించాను. మొదట అనుకున్న ఇంట్లో లేదన్నారు, మానేసి ఇంకోటి చూశాం. నీళ్లలో తడిపితే చల్లగా ఉండే మందుల సంచీ ఒకటి కొన్నాం. వాడుతున్న పెన్ను చల్లటి గదిలో బయట ఉన్నా నాలుగు వారాలు ఫర్వాలేదని మా డాక్టరుగారు చెప్పారు. ఇది మందుని బట్టి మారుతుంది, మీరు మీ డాక్టర్ని అడగాల్సిందే. ఆపి ఉంచిన కారులో మాత్రం ఏ మందూ వదలకూడదు, ఎండకి కారు కొలిమిలా అయిపోతుంది. ఫ్రీజరులో గడ్డకట్టినా అంతే, పనికిరాదు. విమానంలో చేతిసంచీలోనే ఉంచుకోవాలి. ఈ సరంజామా అంతా బల్లమీద పరిచి చూపించాక ఆయన సూట్‌కేసు దింపారు. వస్తానని మాత్రం చెప్పలేదు సుమండీ!

నెవార్క్ నించి శాన్ హువాన్ నాలుగ్గంటల ప్రయాణం. అక్కడి గడియారం చలికాలంలో న్యూజెర్సీకన్నా గంట ముందుంటుంది. మందు వేళలు ఆ లెక్కన సర్దుకోవాలి. కారు అద్దెకి తీసుకునేటప్పుడు పిల్లాడి సీటూ, టోల్‌గేట్లకి డబ్బు దానంతటదే కట్టుకునే బిళ్లా ముందే అడగాలి. ఒక తమాషా ఏమిటంటే, అక్కడ దూరాల బోర్డులు కిలోమీటర్లలో, వేగం బోర్డులు మైళ్లలో ఉంటాయి. పెట్రోలేమో లీటర్లలో పోస్తారు! మొదటిరోజు మా అల్లుడు తికమకపడ్డాడు.

శాన్ హువాన్ పాతబస్తీలో నీలం రాళ్లు పరిచిన సన్నటి వీధులు, రంగురంగుల ఇళ్లు, అన్నీ ఎత్తుపల్లాలే. కారుని డబ్బు కట్టే పార్కింగులో పెట్టి కొంచెం కొంచెంగా నడిచాం. 1539లో మొదలుపెట్టిన ఎల్ మోర్రో కోట సముద్రమ్మీదికి చొచ్చుకుని ఉంటుంది. పిల్లలు కోటంతా తిరిగారు, మేమిద్దరం పైఅంతస్తు చూసి బయట పచ్చికలో కూచున్నాం. అక్కడ పిల్లాజెల్లా అందరూ గాలిపటాలు ఎగరేస్తారు. మావారు మనవడికి దారం పట్టుకోవడం నేర్పుతూ గంటసేపు కదల్లేదు.

మంగళవారం ఎల్ యుంకే వానల అడవి. శాన్ హువాన్‌కి గంట దూరం. లా కోకా అనే జలపాతం రోడ్డు పక్కనే ఉంటుంది, కారు దిగి పదడుగులు వేస్తే చాలు. అక్కడ చిన్న కప్పలున్నాయి, కోకీలంటారు. చీకటిపడితే "కో... కీ" అని పిట్టల్లా కూస్తాయి. మధ్యాహ్నం లుకియో బీచిలో దిగాం. నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, పిల్లలకి భయం లేదు. స్నానాల గదులూ ఉన్నాయి. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలీకుండా సుగరు మనిషితో బయల్దేరకూడదని నా మాట. బయల్దేరేముందే దారిలో పబ్లిక్ బీచిలూ, షాపింగు సెంటర్లూ గుర్తుపెట్టుకున్నాం.

తిండి సంగతి చెప్పకపోతే మీరూరుకోరు కదా! బజారుకెళ్తే నాకు పుట్టింటికొచ్చినట్టయింది. కర్రపెండలం, చేమదుంపలు, గుమ్మడి, సీమపనస, కూర అరటికాయలు, చింతపండు, కొత్తిమీర వాసనేసే పొడుగాటి ఆకొకటి. అన్నిటికన్నా ముద్దొచ్చింది కందులు. ఆ ఊళ్లో పండగ భోజనమంటే కందుల అన్నమే. వాళ్లు "గండూలెస్" అంటారు. మన "కందులు"కి ఎంత దగ్గరగా వినిపిస్తోందో చూడండి. కంది పుట్టిల్లు మన దేశమే. ఇక్కణ్ణించి ఆఫ్రికాకి, అక్కణ్ణించి బానిసల్ని తీసుకెళ్లిన ఓడల కాలంలో ఈ దీవులకి చేరింది. నేనేమో న్యూజెర్సీ నించి డబ్బాడు కందిపొడి మోసుకెళ్లాను! అయితే శాకాహారులు జాగ్రత్త. ఆ అన్నంలో మామూలుగా పందిమాంసం ముక్కలేస్తారు. "సిన్ కార్నె, సిన్ హమోన్" అనాలి, మాంసం లేకుండా, పందిమాంసం లేకుండా అని. ముందే వండేసి ఉంటే తీసి ఇవ్వలేరు, అడిగి తెలుసుకోండి. అరటికాయ దంచి చేసే మొఫోంగోలోనూ అదే గొడవ. తోస్తోనెస్ మాత్రం సులువు. అరటికాయ చెక్కు తీసి అంగుళం మందాన చక్రాలు కోసి, నూనెలో సగం వేయించి, గిన్నె అడుగుతో అప్పచ్చుల్లా నొక్కి, వెల్లుల్లి కలిపిన ఉప్పునీళ్లలో ముంచి తీసి, తడి బాగా తుడిచి మళ్లీ కరకరలాడేలా వేయించడమే. తడి మిగిలితే నూనె చిందుతుంది. మావారికి రెండే రెండు ఇచ్చాను.

న్యూజెర్సీలో వాడే రైస్ కుక్కరు అక్కడి కరెంటుకి సరిపోతుంది. రోజూ పొద్దున్నే అన్నం వండి, పెరుగన్నం, పులిహోర కట్టుకునేదాన్ని. సెలవుల్లో కూడా వంటేనా అంటారేమో! నిజమే, ఆ మాట నేనూ అనుకున్నాను. కానీ ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కడ కారాపి డబ్బా తెరిస్తే నాకు లోపల ఎంత నిశ్చింతగా ఉండేదో! గిన్నెలు కడిగేది అల్లుడని ముందే ప్లానులో రాయించాను లెండి.

బుధవారం శివరాత్రి. నేను బొప్పాయి, అరటిపళ్లు, కొబ్బరినీళ్లతో గడిపాను. మావారికి ఉపవాసం లేదని ముందే ఖాయం. కొండలు దాటి దక్షిణానికి దిగేసరికి ప్రపంచమే మారిపోయింది. ఈశాన్యపు గాలులు తెచ్చే వాన ఉత్తరపు వాలుమీదే కురిసిపోతుంది. ఇవతలంతా ఎండిన గడ్డి, ముళ్లపొదలు. గ్వానికా వైపైతే బ్రహ్మజెముడే, రాయలసీమకొచ్చామా అనిపించింది. దారిలో పోన్సేలో ఎరుపూ నలుపూ చారల పాత ఫైర్ స్టేషను చూసి పిల్లలు కేరింతలు.

ఆ రాత్రే కరెంటు పోయింది. పది నిమిషాల్లో జనరేటరు అందుకుంది. ఆ పది నిమిషాల్లోనే మావారు లేచి, ఎవర్నీ పిలవకుండా చీకట్లో మందుల సంచీ తడిపి పెన్ను అందులో పెట్టేసుకున్నారు. పొద్దున్న సింకు పక్కన తడి చూసి తెలిసింది నాకు.

గురువారం పగలు కాబో రోహో దగ్గర ఉప్పుమళ్లు చూశాం. నీళ్లు గులాబీరంగులో ఉన్నాయి. మన చినగంజాం కొటార్లు గుర్తొచ్చాయి. రాత్రి ఏడున్నరకి పడవ. ముందే భోంచేసి ఎక్కాం. నట్టచీకటి, ఎన్నెన్ని చుక్కలో! పడవవాడు మోటారు ఆపి నీళ్లలో చెయ్యి పెట్టమన్నాడు. మనవరాలు పెట్టింది, వేళ్ల చుట్టూ నీలం మంట అంటుకున్నట్టు మెరిసింది. "తాతయ్యా, నువ్వూ పెట్టు" అంది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతిదాకా ముంచారు. చాలాసేపు తియ్యలేదు. అల్లుడు ఆయన నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుని కూచున్నాడు.

శుక్రవారం ఖాళీ రోజు. అల్లుడు తన కొండరోడ్డు సంగతి మళ్లీ ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తింది మావారు! "మేం ఇంట్లో ఉంటాం, నువ్వు ఓ రెండుగంటలు అటు నడిపి రావోయ్" అన్నారు. "మీరూ రండి మావయ్యగారూ" అన్నాడు అతను. పెరుగన్నం డబ్బా, పళ్లరసం, బిస్కట్లు కట్టిచ్చాను. ఇద్దరూ వెళ్లి పన్నెండున్నరకల్లా వచ్చేశారు.

శనివారం రిన్‌కోన్ మీదుగా తిరిగొచ్చాం. చలికాలంలో అక్కడి లైట్‌హౌసు దగ్గర తిమింగలాలు కనిపిస్తాయంటారు, మాకు కనపళ్లేదు. లైబ్రరీ నించి తెచ్చిన పాత గైడు పుస్తకంలో అరెసీబో పెద్ద టెలిస్కోపు చూడమని ఉంది. అది 2020 డిసెంబరు 1న కూలిపోయింది. పాత పుస్తకాలు నమ్మి దారి మళ్లకండి. తిరుగు విమానం ఎక్కేముందు ఎయిర్‌పోర్టులో సామానంతా పళ్లూ మొక్కల కోసం తనిఖీ చేస్తారు. కొన్ని రకాలనే వదులుతారు కనక కొన్న పళ్లు అక్కడే తినేసి రండి. దానికి అరగంట అదనంగా ఉంచుకోండి.

మాంసం లేకుండా కందుల అన్నం మా అమ్మాయి వంటింట్లో మూడుసార్లు చేసి చూశాను. మూడోసారికి కుదిరింది. పచ్చి కందికాయలు దొరికే ఊళ్లవాళ్లు గింజలు ఒలిచి ఉంచుకోండి, కొలతలు వచ్చేవారం రాస్తాను.