కందపద్యం వంటి కారు

వెనుక తలుపు పైకి లేచే చిన్న కారును హ్యాచ్‌బ్యాక్ అంటాము. అదే కారుకు బలమైన ఇంజనూ, గట్టి సస్పెన్షనూ, మెరుగైన బ్రేకులూ అమర్చితే దానిని హాట్ హ్యాచ్ అంటున్నారు. ఛందస్సు గురించి వ్రాసుకునే ఈ పుటలో ఈ ప్రసంగమేమిటని చదువరులు విస్తుపోవచ్చు. పదవీ విరమణ సొమ్ములో మిగిలిన పది లక్షలతో నా జీవితంలో బహుశా చివరిదైన కారు కొనుక్కోవలసిన సమయం వచ్చింది. ఎడమ మోకాలు ఇంకా క్లచ్ తొక్కనిస్తున్నది. ఎన్నాళ్ళు తొక్కనిస్తుందో తెలియదు. కనుక ఇప్పటికి నాకిది యతిప్రాసల కంటె తక్కువ విషయమేమీ కాదు.

ధర, ఉపయోగం, నడపడంలోని ఆనందం అనే మూడింటినీ వేరువేరుగా తూచి, మార్కులు వేసి, చివర కూడి చెప్పడం కార్ల పత్రికల ఆచారం. అది సరైన లెక్క కాదని నా అభిప్రాయం. ఈ జాతి బండికి ఉపయోగమే ప్రాణం. బియ్యం బస్తా మోయాలి, ఆసుపత్రికి పోవాలి, పెళ్ళికి నలుగురిని తీసుకుపోవాలి. ఆ బండే ఒంటరిగా ఘాటు రోడ్డెక్కితే నడిపేవాడికి హుషారు పుట్టించాలి. ఈ రెండూ ఒకచోట లేనప్పుడు ఎంత అశ్వశక్తి ఉన్నా ఏమి ప్రయోజనం?

ఈ సంప్రదాయానికి ఆద్యం కాకపోయినా ప్రతిష్ఠ తెచ్చినది ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. 1976లో జర్మనీలో అమ్మకానికి వచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, 110 అశ్వశక్తి. ఐదువేలు అమ్ముడుపోతే చాలుననుకున్న బండి లక్షల్లో పోయింది. దాని బలం ఇంజనులో కంటె తేలికదనంలో ఉన్నది. మామూలు గోల్ఫ్ చేసే ఇంటిపనులన్నీ అదీ చేసేది.

మన దేశంలో ఈ కథ పన్నుల చట్టంతో ముడిపడింది. 2006 బడ్జెట్టులో చిన్నకారుకు ఒక లక్షణం చెప్పారు: పొడవు నాలుగు మీటర్లు మించరాదు, పెట్రోలు ఇంజను 1200 సీసీ దాటరాదు, డీజిలైతే 1500. ఆ హద్దులో ఉంటే పన్ను తక్కువ. నాటినుండి నేటివరకు ఆ కొలతే సాగుతున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ హద్దులో ఇమిడిన బండికి జీఎస్టీ 18 శాతం, ఇమడని దానికి 40 శాతం. కందం రాసినవాడే కవి అని మనకొక నానుడి ఉన్నది కదా. గణాలు ఇన్నే, ఆరవ గణం నలమో జగణమో కావాలి, బేసి గణంలో జగణం రాకూడదు అన్ని నియమాలూ పాటించి చిన్న పద్యంలో రసం పుట్టించాలి. మన దేశపు హాట్ హ్యాచ్ కూడా అటువంటి కట్టుబాటులోనే పుట్టవలసి వచ్చింది. గెలిచినవీ ఓడినవీ ఆ కట్టుబాటును బట్టే.

2015లో వచ్చిన అబార్త్ పుంటో చూడండి. 145 అశ్వశక్తి, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, ధర 9.95 లక్షలు. పొడవు నాలుగు మీటర్ల లోపే, కాని ఇంజను 1.4 లీటర్లు. గణం తప్పింది, చిన్నకారు రాయితీ పోయింది. 2016లో పోలో జీటీఐ వచ్చింది. 192 అశ్వశక్తి, 25.99 లక్షలు, రెండే పక్క తలుపులు! ముందు సీటు మడిచి వెనక్కు దూరమంటే మా ఇంటావిడ ఏమంటుందో నేనిక్కడ వ్రాయలేను. సుజుకీ వారి స్విఫ్ట్ స్పోర్ట్ అసలు మన అంగళ్ళకే రాలేదు.

కట్టుబాటుకు లోబడి వచ్చినవాటిలో నాకు మిక్కిలి గౌరవం కలిగించినది 2018 నాటి టియాగో జేటీపీ. టాటా వారు కోయంబత్తూరు జయేమ్ వారితో కలిసి చేశారు. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 114 అశ్వశక్తి, ధర 6.39 లక్షలు. బండిని కిందికి దించినా తగ్గిన ఎత్తు కొద్ది మిల్లీమీటర్లే. మన స్పీడ్ బ్రేకర్లు తెలిసినవాడు చేసిన పని అది. 2020లో బీఎస్ 6 నిబంధనలు వచ్చేసరికి అది ఆగిపోయింది. బలెనో ఆర్ఎస్ గతీ అంతే.

తరువాత 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ వచ్చింది. 998 సీసీ టర్బో, 120 అశ్వశక్తి. థర్డ్ పార్టీ బీమా ఇంజను పరిమాణాన్ని బట్టి ఉంటుంది. 2022 ఉత్తర్వు ప్రకారం 1000 సీసీ మించని కారుకు ఏడాదికి 2094 రూపాయలు, 1500 దాటిన దానికి 7897. ఆ విధంగా ఇది గడుసు బండి. అయితే మొదట క్లచ్ పెడలు లేని మాన్యువల్ గేరు ఇచ్చారు. క్రియాపదం లేని వాక్యంలా ఉండేది. 2023లో పెడలుతో కూడిన ఆరు గేర్ల పెట్టె ఇచ్చి లోపం సవరించుకున్నారు. 2024లో ఆల్ట్రోజ్ రేసర్ వచ్చింది. అదీ 120 అశ్వశక్తే, ఆరు గేర్లు, ఆరంభ ధర 9.49 లక్షలు, డిక్కీ 345 లీటర్లు. తలుపులు తొంభై డిగ్రీల వరకు తెరుచుకుంటాయి. యువకులకిది అల్పవిషయం, మోకాళ్ళ నొప్పులున్న ఇంట్లో ఇదే ముఖ్యం.

ఇక ఆనందం. నా కొలబద్ద మారేడుమిల్లి ఘాటు. రంపచోడవరం దాటి చింతూరు వైపు పోయే ఆ దారిలో ఏళ్ళ తరబడి మారుతి 800 నడిపాను. అక్కడ పనికివచ్చేవి రెండవ, మూడవ గేర్లు. మలుపు ముగిసిన వెంటనే, నలుగురు కూర్చుని ఏసీ నడుస్తున్నా, గేరు దించకుండానే బండి ఎక్కగలగాలి. చిన్న టర్బో ఇంజను ఇచ్చేది సరిగ్గా ఈ సుఖమే, అయితే ఇంజను వేగం మరీ పడిపోనివ్వకూడదు. స్టీరింగు రోడ్డు సంగతి చేతికి చెప్పాలి. ఇంతకు మించి అక్కడ అవకాశం లేదు. ఎదురుగా లారీ వస్తుంది, పశువులు వస్తాయి. 2025లో దిగుమతైన కొత్త గోల్ఫ్ జీటీఐకి 265 అశ్వశక్తి, ధర సుమారు 53 లక్షలు. గొప్ప బండే, కాదనను. కాని ఆ శక్తిలో సగం కూడా ఆ దారిలో బయటికి తీయలేము. తీయలేని దానికి అయిదింతలు చెల్లించడం నా పద్దులో ఇమడదు.

"మావయ్యా, ఈ వయసులో నీకు టర్బో ఎందుకు? ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ కొనుక్కో, ఎక్కడం దిగడం సుఖం" అంటాడు మా మేనల్లుడు. ఎక్కడం దిగడం విషయంలో అతడిదే న్యాయం. ఒప్పుకుంటాను. అయితే ఎత్తు పెరిగినకొద్దీ మలుపులో బండి ఒరుగుతుంది, ఆ ఒరుగుడుకు వెనుక కూర్చున్నవారికి కడుపులో తిప్పుతుంది. సుఖం ఎక్కేటప్పుడే చూడాలా? ప్రయాణం మూడు గంటలు, ఎక్కడం దిగడం మూడు క్షణాలు.

కనుక నా ఎంపిక, ఎవరో కొద్దికాలం వాడి అమ్మే ఆల్ట్రోజ్ రేసర్. అది దొరకకుంటే క్లచ్ పెడలున్న ఐ20 ఎన్ లైన్. కొత్తది కొంటే రోడ్డు పన్నుతో పది లక్షలు దాటుతుంది. పాతదైతే కొంత మిగులుతుంది. ఆ మిగులుతో ముందుగా నాలుగు మంచి టైర్లు వేయిస్తాను. వర్షాకాలంలో ఆ ఘాటులో బండిని పట్టి నిలిపేవి అవే కదా.