క్రొత్త పశువైద్యుని మొదటి సంవత్సరము

పశువైద్య పట్టము పుచ్చుకొని వచ్చిన యువతీయువకులను అభినందించుటలో మనవారు వెనుదీయరు. పూలదండ వేయుదురు, సభలో పేరు చదివింతురు. అంతటితో తమ కర్తవ్యము తీరినదని తలంతురు. కాని ఆ పట్టభద్రుని అసలు పరీక్ష అటుపిమ్మట మొదలగును. అందు ప్రశ్న వేయునది నోరులేని జీవము. మార్కులు వేయునది పాలమ్ముకొని బ్రదుకు సంసారము. మొదటి సంవత్సరము గడచిన తీరునుబట్టియే అతడు పల్లెను అంటిపెట్టుకొని యుండునో, పట్టణమున పెంపుడు కుక్కల వైద్యమునకో వేరొక ఉద్యోగమునకో తరలిపోవునో తేలును. కావున ఇది అతని సొంత విషయము మాత్రమే కాదు. పాడిని నమ్ముకొన్న మనయందరి విషయము.

ఈ విద్య మన ప్రాంతములకు క్రొత్తది కాదు. బొంబాయి కళాశాల 1886లోను, మద్రాసు కళాశాల 1903లోను, బెంగుళూరు హెబ్బాళ కళాశాల 1958లోను వెలసినవి. నేడు నాలుగున్నర సంవత్సరముల చదువును, దానిపై ఒక సంవత్సరము శిక్షణయు పూర్తిచేసినగాని పట్టము రాదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ననుసరించి పట్టికలో పేరు నమోదైన పిదపనే వైద్యము చేయు అధికారము కలుగును. ఇంత చదివి వచ్చినవానిని "నిన్నటి పిల్లవాడు, వీనికేమి తెలియును?" అని చులకన చేయుట న్యాయము కాదు. అట్లని, చదువు ముగిసినది గనుక ఇక నేర్వవలసినది లేదని అతడు తలచుటయు క్షేమము కాదు.

ఒక్క పాలజ్వరమునే చూడుడు. పేరు జ్వరమేగాని ఒడలు చల్లబడును. ఈనిన రెండు మూడు దినములలో, బాగుగా పాలిచ్చు ఆవు కూలబడి, మెడను డొక్కవైపు త్రిప్పుకొని పడియుండును. రక్తములో సున్నపుధాతువు తగ్గుటయే ఇందుకు కారణము. దానిని సిరలోనికి ఎక్కించినచో చూచుచుండగనే ఆవు లేచి నిలుచును; వైద్యునికి ఊరంతట పేరు వచ్చును. కాని చుట్టు మూగిన జనము తొందరపెట్టుచున్నారని మందును వేగముగ ఎక్కించినచో గుండె ఆగి ఆవు చచ్చును. ఒక చేత సీసాను పట్టి, చెవిని గుండె చప్పుడునకు అప్పగించి, జనుల మాటలకు చెవియొగ్గకుండుట ఏ పుస్తకమును నేర్పజాలదు.

ఇంతకంటె భయంకరమైనది పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధి. ఆవు మేత మ్రింగలేక చొంగ కార్చుచుండును. గొంతులో ఏదో అడ్డుపడినదని రైతు చెప్పును. అనుభవము చాలని వైద్యుడు ఆ మాట నమ్మి, వట్టిచేతిని నోటిలో పెట్టును. ఆ ఒక్క నిమిషమున అతని ప్రాణమే అపాయమున పడవచ్చును. కావున పనిలో చేరకముందే ఈ వ్యాధికి టీకాలు వేయించుకొనుట, చేతి తొడుగులు లేనిదే నోటిలోగాని గర్భములోగాని చేయి పెట్టకుండుట అతనికి మొదటి నియమములు కావలెను. పిరికివాడని నలుగురు నవ్వినను సరే.

మనవారికి ఇంకొక చిక్కు కలదు. చదివినది ఇంగ్లీషులో, ఇంటి భాష తెలుగు, ఊరి భాష తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో. మనము గాలికుంటు అన్నదానిని తమిళులు కోమారి యందురు. కన్నడిగులు కాలుబాయి జ్వరమందురు. వ్యాధి యొకటే, కాని రైతు చెప్పిన పేరు తెలియనివానికి అతడు చెప్పిన లక్షణములును సగమే బోధపడును. రెండు భాషల నడుమ పెరిగిన మన బిడ్డలకు ఇది భారము కాదు, పెట్టుబడి. హోసూరు, కృష్ణగిరి, కోలారు ప్రాంతములలో తెలుగు, కన్నడ, తమిళములు ముప్పేటగా పలుకు పల్లెలకు ఇటువంటి వైద్యుడు దొరకుట అదృష్టమే. అయితే జబ్బవాపు, గురకవ్యాధి, దొమ్మ, పొదుగువాపు అను మాటలు మన ఇండ్లలోనే మాసిపోవుచుండగా, పట్టణమున పెరిగిన పిల్లలకు అవి ఎచ్చటనుండి వచ్చును?

పశువుల యజమానులమైన మనకును కొన్ని ధర్మములు కలవు. నాటుమందులన్నియు అయినపిదప, మూడవనాటి అర్ధరాత్రమున వైద్యుని పిలిచి, తెల్లవారకమున్నే పశువు చచ్చినదని అతనిపై నింద మోపరాదు. లేవలేని పశువునకు గొట్టముతో కషాయము పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. సూదిమందు వేసిన తరువాత ఇన్ని దినములు పాలు అమ్మవలదని వైద్యుడు చెప్పినచో, నష్టము మనదైనను ఆ మాట పాటింపవలెను. ఆ పాలు త్రాగునది పొరుగింటి పసిబిడ్డ. అట్లు చెప్పినందులకు అతనిని మాని, అడ్డుచెప్పని వేరొకనిని పిలుచుకొన్నచో, నిజము చెప్పువారు మన ఊరికి రారు. రాత్రివేళ వచ్చినది ఆడుబిడ్డయైనచో, ఈమెవలన నగునా యని సందేహించుటకు మారుగా దీపము పట్టుడు, వేడినీళ్లు అందింపుడు. శ్రమకు తగిన రుసుమును అడిగించుకొనక ఇండు.

క్రొత్త వైద్యులకు మా మనవి యొక్కటే. తెలియనిదానిని తెలియదనుడు, పెద్దవైద్యునితో ఫోనున సంప్రదించుటకు సిగ్గుపడకుడు. మొదటి పశువు మీ చేతిలో చచ్చిననాడు ఆ ఇంటినుండి తప్పుకొని పోక, కారణము వివరించి రండు. మరల మిమ్ము పిలుచువారు ఆ యింటివారే కావచ్చును.

మన సంఘ శాఖలు చేయదగిన పనియు కలదు. ప్రతి శాఖయు తన ఊరి వృద్ధులను, పాడి చేయు స్త్రీలను అడిగి, పశువుల వ్యాధులకును లక్షణములకును వాడు తెలుగు మాటలను, వాటికెదురుగ స్థానిక భాషలోని మాటలను వ్రాసి పంపినచో, ఈ పత్రికలో వరుసగా ప్రకటింతుము. క్రొత్తగా పనిలో చేరు మన బిడ్డల చేతిలో ఆ పట్టిక నుంచుట పూలదండకంటె మేలైన సత్కారము.