మా వాడికి భయం లేదు సార్!

హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజగుట్ట చుట్టుపక్కల ఏ మాల్‌లోనైనా ఆదివారం సాయంత్రం పిల్లల ఆటలుండే అంతస్తుకు వెళ్తే ఈ మాట చెవిన పడుతుంది: "మా వాడికి అస్సలు భయం లేదు సార్, ఎక్కించెయ్యండి." ఆ 'వాడి'కి రెండున్నరేళ్లుంటాయి. నోట్లో వేలుంటుంది. ఆపరేటర్ కుర్రాడు పిల్లాణ్ణి, తండ్రిని మార్చి మార్చి చూసి "అయితే మీరు కూడా పక్కన కూర్చోండి సార్" అని సర్దేస్తాడు. తల్లి ఫోన్ తీసి వీడియో మొదలుపెడుతుంది.

భయం లేకపోవడం అర్హత ఎప్పటినుంచి అయింది? రెండేళ్ల పిల్లలకు డాబా మీద పిట్టగోడన్నా, పొయ్యి మీద పాలగిన్నె అన్నా భయం ఉండదు. అక్కడ ఆ ధైర్యాన్ని మెచ్చుకునే తల్లిదండ్రులు లేరు. రైడ్ దగ్గర మాత్రం అదే లక్షణం గొప్పైపోతుంది. ఇంకో చిత్రం: ఆర్టీసీ బస్సులో అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు కాబట్టి అక్కడ ఆరేళ్లవాడికి నాలుగే. రైడ్ దగ్గర మూడేళ్లవాడికి అయిదు!

పెద్ద పార్కుల్లో ఈ బేరం సాగదు. 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లాలో పెద్ద రైడ్ల దగ్గర వయసు అడగరు, ఎత్తు చూస్తారు. ఫ్లోరిడా డిస్నీలోనూ అంతే. అక్కడ పసివాళ్ల కోసం కట్టిన బార్న్‌స్టార్మర్ రోలర్ కోస్టర్‌కే 89 సెంటీమీటర్లు ఉండాలి. స్పేస్ మౌంటెన్‌కు 112. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారం రెండేళ్ల మగపిల్లాడి సగటు ఎత్తు 87 సెంటీమీటర్లు, మూడేళ్లకు 96, అయిదేళ్లకు 110. ఆడపిల్లలు ఇంచుమించు ఒక సెంటీమీటరు తక్కువ. అంటే స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే చాలామంది పిల్లలకు అయిదేళ్లు దాటాల్సిందే. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికో కొడుకు దగ్గరికో వెళ్లిన అమ్మమ్మ, నాన్నమ్మలు మనవడితో బెంచీ మీద కూర్చుంటే మిగతావాళ్లు ఎక్కొస్తారు. తోడు ఎవరూ లేకపోతే భార్యాభర్తలు ఒకరి తర్వాత ఒకరు ఎక్కేలా, రెండోవాళ్లు మళ్లీ మొదటినుంచి లైన్లో నిలబడక్కర్లేకుండా 'రైడర్ స్విచ్' ఏర్పాటు కూడా ఉంది.

ఎత్తు మీద ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే సీటు మీదికి దించే కడ్డీని దగ్గరగా చూడాలి. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుంటారు. కొన్ని రైడ్లలో ఇద్దరికీ కలిపి ఒకటే కడ్డీ ఉంటుంది. అది తండ్రి తొడలకు ఆనగానే ఆగిపోతుంది. పిల్లాడి పొట్టకూ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉండిపోతుంది. కాళ్లు కిందికి అందవు కాబట్టి తన్నిపట్టి ఆగడానికి ఆధారం లేదు. ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది. దాన్ని మోసే మెడ కండరాలు ఇంకా లేతవి. మలుపులో బండి ఒక్క కుదుపు కుదిపితే వాడు ఆ ఖాళీలోంచి కిందికి జారతాడు. "నేను పట్టుకుంటాలే" అన్న చెయ్యి ఆ క్షణంలో తనను తాను పట్టుకునే పనిలో ఉంటుంది.

కాబట్టి పసివాళ్లను పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కించాలా వద్దా అన్న చర్చ నిజానికి అక్కర్లేదు. గేటు దగ్గరి కొలబద్దే అది తేల్చేస్తుంది. అసలు చిక్కంతా కొలబద్ద లేని చోట్లతోనే. మాల్‌లో బొమ్మ రైలు, ఊగే కారు, గిరగిరా తిరిగే కప్పులు ఎవరి కంటికీ ప్రమాదంగా కనపడవు. అమెరికాలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ పరిశోధకులు 1990 నుంచి 2010 వరకు ఆసుపత్రుల లెక్కలు తీసి 2013లో వెల్లడించారు. ఆ కాలంలో రైడ్ల వల్ల దెబ్బలు తగిలి అత్యవసర విభాగాలకు వచ్చిన పిల్లలు దాదాపు 93 వేల మంది. మాల్ రైడ్ల దెబ్బల్లో ఇంచుమించు మూడొంతులు పడిపోవడం వల్లే. తల, మెడ, ముఖానికి దెబ్బ తగలడం పెద్ద పార్కుల కంటే అక్కడే ఎక్కువ. కింద మెత్తటి పరుపు ఉండదు, గ్రానైట్ ఉంటుంది. ఇప్పుడు మాల్స్‌లో విరివిగా వస్తున్న ట్రాంపొలీన్ల మాటకొస్తే, ఆరేళ్ల లోపు పిల్లలను వాటి మీదికి పంపొద్దని అమెరికా ఎముకల వైద్యుల సంఘం చెబుతోంది. ముద్దొస్తోందని తండ్రి కూడా పక్కన ఎగిరితే, ఆ బరువుకు పిల్లాడి మోకాలి కింది ఎముక విరగొచ్చు.

ఇక నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్. పంజగుట్టలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా నాంపల్లిలో దిగొచ్చు. జనవరి వస్తే ఈ ప్రాంతపు కుటుంబాలకు అదో తప్పని యాత్ర. 2025 జనవరిలో అక్కడ ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి, ఎక్కినవాళ్లు 20 నిమిషాలకు పైగా తలకిందులుగా వేలాడారు. అహ్మదాబాద్ కాంకరియాలో 2019 జూలైలో లోలకంలా ఊగే రైడ్ విరిగి ఇద్దరు చనిపోయారు. ఇవి యంత్రం తప్పిదాలు, పిల్లల ఎత్తుకు సంబంధం లేనివి. అయితే బండి తలకిందులుగా ఆగిపోయినప్పుడు పెద్దవాళ్లు పంటి బిగువున కడ్డీ పట్టుకుని ఉండగలరు. మూడేళ్ల పిల్ల ఎంతసేపు పట్టుకుంటుంది?

ఎత్తుతో పాటు చూడాల్సింది పిల్లలు చెప్పినట్టు నడుచుకోగలరా అన్నది. బండి ఆగేదాకా లేవొద్దంటే లేవకుండా కూర్చోగలగాలి. చెప్పేదాకా కడ్డీ వదలకూడదని గుర్తుండాలి. "నాకొద్దు" అని నోరు తెరిచి అనగలగాలి, అన్నాక ఇంట్లోవాళ్లు వినాలి. "ఒకసారి ఎక్కితే బెరుకు పోతుంది" అని ఏడుస్తున్న పిల్లను లోపలికి తోసే మేనమామలకు ఇందులో మినహాయింపు లేదు.

నుమాయిష్ నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ స్టాళ్లకు అనుమతిచ్చేటప్పుడే ప్రతి రైడ్ ముందు ఎత్తు కొలిచే బోర్డు ఉండాలని, అంతకు తక్కువ ఉన్నవాళ్లను ఎక్కిస్తే స్టాల్ మూయిస్తామని షరతు పెట్టొచ్చు. మాల్ యాజమాన్యాలు ఆటల అంతస్తును అద్దెకిచ్చే ఒప్పందంలోనే ఆ మాట రాయించొచ్చు. ఒక చెక్క, రెండు రంగుల పెయింటు, ఒక టేపు, ఖర్చంతా అంతే. ఆ బోర్డు ఉంటే రోజు కూలికి పనిచేసే ఆపరేటర్ కుర్రాడికీ, గొంతు పెంచిన తండ్రికి "కుదరదు సార్" అని చెప్పే వీలుంటుంది.